తమ్ముడు అనే మాట



నేను కోస్తా జిల్లాలో ఒక పిల్లల హోములో 30 ఏళ్ళు టీచరమ్మగా పని చేసి రిటైరైనదాన్ని. ఆ హోము పేరు గాని, ఊరి పేరు గాని, పిల్లల పేర్లు గాని ఇక్కడ రాయడం లేదు. ఆ హోము మూతబడి చాలా కాలమైంది. అప్పటి పెద్దల్లో చాలామంది ప్రభువు సన్నిధికి చేరారు. ఎవరి మీదా నేరం మోపడం నా ఉద్దేశం కాదు. ఇందులో ఒక తప్పు ఉంది, అది నా చేతులతో నేను చేసిందే. దానివల్ల ఒక అక్కా తమ్ముడూ చెరొక దేశంలో పడ్డారు. ఆ తరువాత వాళ్ళ బంధం తెగకుండా ఇద్దరు తల్లులు ఎంత ప్రయాసపడ్డారో ఉత్తరాల ద్వారా తెలుసుకున్నాను. మన కుటుంబాలకు కూడా ఇది పనికివస్తుందనిపించి, ఆ అక్కాతమ్ముళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను.

1987 అక్టోబరులో ఒక సాయంత్రం, వానలో తడుసుకుంటూ ఒక ముసలాయన ఇద్దరు పిల్లలను తీసుకొని హోముకు వచ్చాడు. వాళ్ళ అమ్మ ఆయన కూతురు. పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళేది. క్షయ రోగంతో పెద్దాసుపత్రిలో చనిపోయి పదిరోజులైంది. తండ్రి ఏనాడో ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తాతకు చూపు ఆనడం లేదు, ఇంట్లో పెళ్ళి కావలసిన ఇంకో కూతురుంది. కాగితాల మీద వేలిముద్ర వేసి, పిల్లల తల నిమిరి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

పిల్లకు ఏడేళ్ళు, పిల్లవాడికి మూడేళ్ళు. పిల్లవాడు అక్క పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకొని తిరిగేవాడు. అన్నం గంట కొట్టగానే ఆ పిల్ల ముందు తమ్ముడి పళ్ళెం దగ్గర కూర్చునేది. పప్పు అన్నం కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, వాడి నోట్లో పెట్టి, వాడు తిన్నాక తను తినేది. ఆయా ఎన్నిసార్లు కసిరినా మానలేదు. రాత్రి పడుకునేముందు నా దగ్గరకు వచ్చి, "టీచరమ్మా, మా తమ్ముడు పక్క తడుపుతాడు, కొట్టొద్దని ఆయాకి చెప్పండి" అనేది.

మరుసటి ఏడాది పిల్లవాడికి మెడ దగ్గర గడ్డలు లేచాయి. డాక్టరుగారు ప్రైమరీ కాంప్లెక్స్ అన్నారు. నెలల తరబడి మందులు వాడాలన్నారు. అదే రోజుల్లో స్వీడన్ దేశం నుండి ఒక కుటుంబం ఒక ఆడపిల్లను పెంచుకుంటామని దరఖాస్తు పెట్టుకుంది. వాళ్ళకు ఈ పిల్లను చూపించాలని మా పెద్దలు నిశ్చయించారు.

ఆ రోజుల్లో విదేశీ దత్తతలు ఎలా జరిగేవో కొంచెం చెప్పాలి. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును బట్టి, విదేశానికి వెళ్ళే ప్రతి పిల్లను గూర్చి ఒక వివరాల నివేదిక తయారు చేయాలి. పిల్ల ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులెవరు, ఆరోగ్యం ఎలా ఉంది, ఇవన్నీ అందులో ఉండాలి. దాన్ని చూసి జిల్లా కోర్టు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విదేశీ దంపతులను సంరక్షకులుగా నియమిస్తుంది. తమ దేశం చేరాక వాళ్ళు అక్కడి చట్టం ప్రకారం దత్తత చేసుకుంటారు.

మా హోములో ఆ నివేదికలు రాసే పని నాది. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు. అందులో ఒక వరుస ఉండేది: తోబుట్టువులు.

నేను కలం పట్టుకొని ఆగాను. అక్కడున్న పెద్దాయన, "తమ్ముడున్నాడని రాస్తే ఇద్దరినీ తీసుకోవాలేమోనని వాళ్ళు వెనకాడతారమ్మా. వాడికి జబ్బు. వాడి మూలంగా ఈ పిల్ల బ్రతుకు పాడుచేస్తామా? వాడు బాగుపడ్డాక వాడి సంగతి చూద్దాం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల అన్నం కోసం ఊరూరా తిరిగి బియ్యం అడిగిన మనిషి. ఆయన మాట నాకు సబబుగానే తోచింది. "లేరు" అని రాశాను. రెండక్షరాలు. రాసి, సిరా ఆరేదాకా ఊది, ఫైలులో పెట్టాను.

1989 ఫిబ్రవరిలో పిల్లను పంపించాం. కారెక్కేముందు నన్ను అడిగింది, "తమ్ముడు ఎప్పుడు వస్తాడు టీచరమ్మా?" అని. "నీ వెనకాలే వస్తాడమ్మా, మందులు అయిపోగానే" అన్నాను. ఏడవకుండా వెళ్ళడానికి ఆ మాట పనికొచ్చింది. తమ్ముడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముద్ద కలిపి పెట్టబోతే నా చెయ్యి తోసేశాడు.

ఆ ఏడు జూన్‌లో వేసవి సెలవులైన తరువాత నాకొక ఉత్తరం వచ్చింది. స్వీడన్ అమ్మ రాసింది. పాపను చూసుకున్న టీచరమ్మకు అని కవరు మీద ఉంది. ఇంగ్లీషు ఉత్తరం. డిక్షనరీ దగ్గర పెట్టుకొని నెమ్మదిగా చదివాను. పిల్ల ఆరోగ్యంగా ఉందని, బడికి వెళుతోందని, మంచును చూసి మొదట భయపడి తరువాత అందులో ఆడిందని రాసింది. చివర ఇలా అడిగింది. పాప ప్రతిరోజూ తన రొట్టెలో సగం తుంచి దిండు కింద దాచుకుంటోంది. ఎందుకని అడిగితే ఒకే మాట చెబుతోంది. ఆ మాట మాకు తెలియదు, బొమ్మ పేరా, దేవుని పేరా, ఏదైనా తినుబండారమా? దయచేసి చెప్పండి. ఆ మాటను ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో విడదీసి రాసింది. నేను కూడబలుక్కొని చదివాను. తమ్ముడు.

ఆ ఉత్తరం వచ్చేనాటికి తమ్ముడు మా హోము వరండాలోనే ఆడుకుంటున్నాడు. జవాబు రాయడానికి ఒక్క పూట చాలు. కాని నేను రాయలేదు. పెంచుకున్నవారికి మేము సొంతంగా ఉత్తరాలు రాయకూడదని హోములో కట్టడి ఉండేది. రాస్తే ఉద్యోగం పోతుంది. అంతకంటే పెద్ద భయం, "లేరు" అని రాసింది నేనేనని బయటపడుతుందని. ఆ ఉత్తరాన్ని నా బైబిలులో కీర్తనల దగ్గర పెట్టాను. ప్రతి ఉదయం దాన్ని పక్కకు జరిపి కీర్తన చదువుకునేదాన్ని. అలా ఎనిమిది నెలలు.

ఈ లోగా నార్వే దేశం నుండి ఇంకో దంపతులు దరఖాస్తు పెట్టారు. పిల్లవాడి మందులు పూర్తయ్యాయి. వాడి నివేదిక కూడా నేనే రాశాను. తోబుట్టువుల వరుసలో అదే మాట. మొదటి అబద్ధాన్ని కాపాడుకోవడానికి రెండోది రాయక తప్పలేదు. 1990 జనవరిలో ఆ దంపతులే వచ్చి వాడిని తీసుకువెళ్ళారు. ఆ తల్లి నా చేతులు పట్టుకొని, ఎప్పుడైనా వీడికి సంబంధించిన సంగతి ఏదైనా గుర్తొస్తే రాయమని చిన్న చీటీ మీద తన చిరునామా రాసిచ్చింది. నాకు గుర్తురావడమేమిటి? అప్పుడే నోటిదాకా వచ్చింది. కాని టీ పళ్ళెం పట్టుకొని అలాగే నిలబడ్డాను. పిల్లవాడు కారులోనుండి అడిగాడు, "అక్క దగ్గరికేనా?" అని. "అవును నాన్నా" అన్నాను.

తరువాతి నెలలో ఒక ఆదివారం సండేస్కూలులో మోషే కథ చెబుతున్నాను. నిర్గమకాండము రెండవ అధ్యాయం. జమ్ముపెట్టెలో పసివాడు, ఫరో కుమార్తె, అంతా చెప్పాను. ఒక చిన్నపిల్ల లేచి, "వాళ్ళక్క దూరంగా ఎందుకు నిలబడింది టీచరమ్మా?" అని అడిగింది. "తమ్ముడికి ఏమవుతుందో చూడడానికమ్మా" అన్నాను. చెబుతుండగానే గొంతు పూడుకుపోయింది. ఆ కథ అప్పటికి ఎన్నిసార్లు చెప్పానో! మోషేను పెంచుకున్నది పరాయి రాజు కుమార్తె. కాని ఎక్కడ పెరుగుతున్నాడో అతని సొంతవారికి తెలిసేలా చేసింది మాత్రం ఆ అక్క. ఆ పిల్లను ఏటి ఒడ్డున నిలబడనిచ్చారు. నేను ఈ పిల్లను నిలబడనివ్వలేదు.

సోమవారం తపాలా ఆఫీసుకు వెళ్ళి రెండు ఏరోగ్రాములు కొన్నాను. ఒకటి స్వీడన్‌కు, ఒకటి నార్వేకు. 'తమ్ముడు అంటే మీ పాపకు సొంత తమ్ముడు, ఒకే తల్లి పిల్లలు, ఇప్పుడు నార్వేలో ఫలానా చిరునామాలో ఉన్నాడు' అని రాశాను. అయితే అక్కడ కూడా పూర్తి నిజం రాయలేకపోయాను. కాగితాల్లో ఆ సంగతి పొరపాటున రాయలేదని రాశాను.

రెండు నెలలకు స్వీడన్ అమ్మ జవాబిచ్చింది. నా ఉత్తరం చదివిన రోజే నార్వేకు ఫోను చేసిందట. రెండు ఇళ్ళకూ మధ్య సుమారు 300 కిలోమీటర్లు, ఒకరు గోథెన్‌బర్గ్ దగ్గర, ఇంకొకరు ఓస్లో దగ్గర. దేవుడు వాళ్ళను పక్కపక్క దేశాల్లోనే పెట్టాడు. నేను దానికి కూడా ఏమీ చేయలేదు. ఉత్తరం చివర ఆమె ఒక వాక్యం రాసింది. ఈ సంగతి నిరుడు జూన్‌లో తెలిసి ఉంటే అబ్బాయి కోసం మేమే వచ్చేవాళ్ళం అని. నిందించలేదు, ఉన్నమాట రాసింది. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ చూడకుండా చెప్పగలను.

ఆ వేసవిలో రెండు కుటుంబాలూ స్వినెసుండ్ అనే చోట కలుసుకున్నాయి. అది రెండు దేశాల సరిహద్దు. సముద్రపు పాయ మీద వంతెన ఉంటుంది. ఈ దరి స్వీడన్, ఆ దరి నార్వే. ఆ దేశాలవారు అటూ ఇటూ దాటడానికి పాస్‌పోర్టు అక్కరలేదు. అక్క కారు దిగి పరుగెత్తింది. పిల్లవాడు భయపడి నార్వే అమ్మ వెనక దాక్కున్నాడు. వాడికి ఇంకా కొంత తెలుగు వచ్చు. ఆమెకు అప్పటికే తెలుగు పోయింది, స్వీడిష్ మాట్లాడుతోంది. పిల్లలు భాషను ఎంత త్వరగా నేర్చుకుంటారో అంత త్వరగా మరచిపోతారు. అక్కా తమ్ముడూ ఎదురెదురుగా నిలబడి ఒకరి మాట ఒకరికి అర్థంకాక ఊరుకున్నారు.

భోజనాలప్పుడు ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించారు. అక్క ఫోర్కు పక్కన పెట్టి, చేత్తో దుంపను మెత్తగా నలిపి, చిన్న ముద్ద చేసి వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు నోరు తెరిచాడు. ఈ సంగతి ఇద్దరు తల్లులూ విడివిడిగా నాకు రాశారు. ఇద్దరి ఉత్తరాల్లోనూ ఆ ముద్ద సంగతే ఉంది.

ఇక్కడితో కథ సుఖాంతమని మీరనుకోవచ్చు. కష్టం ఆ తరువాతే మొదలైంది. కలపడం ఒక్కరోజు పని, కలిపి ఉంచడం ఏళ్ళ తరబడి పని.

ఇద్దరు తల్లులూ కూర్చొని కొన్ని మాటలు అనుకున్నారు. ఎవరి బిడ్డ వారి ఇంటి బిడ్డే, ఒకరి పెంపకంలో మరొకరు వేలు పెట్టకూడదు. ప్రతి ఆదివారం ఫోను. వేసవిలో రెండు వారాలు ఒక ఇంట్లో, క్రిస్మస్ అయ్యాక కొన్ని రోజులు మరో ఇంట్లో. ఇండియా గురించి పిల్లలు ఏది అడిగినా తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. నాకు సంవత్సరానికొక ఉత్తరం, ఒక ఫోటో. డిసెంబరు 13న స్వీడన్‌లో లూసియా పండుగ చేస్తారు. తెల్ల గౌను, తలమీద కొవ్వొత్తుల కిరీటం, పసుపు జుట్టు పిల్లల మధ్యలో నల్లజుట్టుతో మా పిల్ల. మే 17 నార్వే జాతీయ దినం. చేతిలో చిన్న జెండా పట్టుకొని మా పిల్లవాడు. ఆ ఫోటోలన్నీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

భాష సమస్య తనంతట తానే తీరిపోయింది. స్వీడిష్, నార్వీజియన్ దగ్గరి భాషలు. ఒకరు తమ భాషలో మాట్లాడితే రెండోవారు తమ భాషలో జవాబు చెప్పుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి అక్కాతమ్ముళ్ళు గంటలకొద్దీ కబుర్లు చెప్పుకున్నారు.

కాని అక్క తమ్ముడికి తల్లి కావాలని చూసింది. వాడు ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో తనే చెప్పేది. నార్వే అమ్మ మందలిస్తే అడ్డం వచ్చేది. నార్వే అమ్మ దాచుకోకుండా నాకొకసారి రాసింది. 'ఆ పిల్ల వచ్చినప్పుడల్లా నా ఇంట్లో నేను చుట్టాన్ని అయిపోతున్నాను, నాకు అసూయగా ఉంటోంది, ప్రార్థన చేసుకుంటున్నాను' అని. ఒక వేసవి వద్దందామా అనిపించిందట. అనలేదు. దానికి బదులు స్వీడన్ అమ్మకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అప్పుడు స్వీడన్ అమ్మ తన కూతురిని దగ్గర కూర్చోబెట్టుకొని, "నువ్వు చేయవలసిన పెద్ద పని నువ్వు చేశావు. వాడిని మరచిపోలేదు. ఇక వాడికి అమ్మ ఉంది. నీకూ ఉంది. నువ్వు అక్కగా ఉంటే చాలు" అని చెప్పిందట. పదకొండేళ్ళ పిల్ల ఆ రోజు చాలాసేపు ఏడ్చిందట. దిండు కింద రొట్టె దాచడం ఆ తరువాతే పూర్తిగా మానేసింది.

పిల్లవాడికి 15 ఏళ్ళు వచ్చాక ఇంకో కష్టం. తనకు అక్కా వద్దు, ఇండియా వద్దు, అందరిలాగా తనను ఉండనివ్వమన్నాడు. రెండేళ్ళు ఫోను దగ్గరకు రాలేదు. అక్క బలవంతపెట్టలేదు. నెలకొక కార్డు పంపేది. రెండు మూడు వాక్యాలు మాత్రమే, జవాబు అడగకుండా. ఆ కార్డులను నార్వే అమ్మ వాడి బల్ల మీద పెట్టి ఊరుకునేది. పారేయలేదు, చదవమని ఒత్తిడి చేయలేదు. 2002లో నార్వే నాన్న గుండె ఆగి చనిపోయారు. కబురు తెలిసిన రాత్రే అక్క రైలెక్కింది. తెల్లవారేసరికి వాళ్ళ గుమ్మంలో ఉంది. బంధువుల్లో అందరికంటే ముందు వచ్చింది ఆమెనట. ఆ కార్డులన్నీ పిల్లవాడు ఒక డబ్బాలో దాచుకున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

2009 జనవరిలో ఇద్దరూ కలిసి మన దేశం వచ్చారు. ఆమెకు 28, అతనికి 24. నేను అప్పటికి రిటైరయ్యాను. మా ఇంటికి వచ్చి చాప మీద కూర్చొని పప్పు అన్నం తిన్నారు. తిన్నాక ఆమె సంచిలోనుండి ఒక కాగితం తీసింది. ఇరవయ్యేళ్ళనాటి నివేదిక నకలు. తోబుట్టువుల వరుస మీద వేలు పెట్టి, "ఈ అక్షరాలు, నాకు మీరు రాసే ఉత్తరాల్లోని అక్షరాలు ఒకేలా ఉన్నాయి" అంది.

నా కాళ్ళలో సత్తువ పోయింది. పీట మీద కూర్చొని అంతా చెప్పాను. "లేరు" అని రాసింది, ఎనిమిది నెలలు ఉత్తరం దాచింది, కారు దగ్గర రెండుసార్లు అబద్ధం చెప్పింది, పొరపాటున రాయలేదని మళ్ళీ బొంకింది. అతను లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె కదలలేదు. "నాకు పదహారేళ్ళప్పుడే అర్థమైంది. మీరు ఎప్పుడు చెబుతారో అని ఎదురుచూశాను" అంది. తరువాత కాసేపటికి, "ఈ మాట రాసిన చెయ్యే ఆ ఉత్తరం కూడా రాసింది. రెండూ నిజమే. నేను రెండూ ఉంచుకుంటాను" అంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. సాయంత్రం అతను తిరిగి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, నా చేతిలోని చెంబు తీసుకొని బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకొచ్చాడు. నాకు అది చాలనిపించింది.

మరునాడు వాళ్ళ అమ్మ ఊరు వెళ్ళాం. తాత పోయాడు. ఆనాడు పెళ్ళికాని పిన్ని ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. వాళ్ళిద్దరి ముఖాలు తడిమి తడిమి చూసి, నావైపు తిరిగి, "మా అక్క పిల్లలు ఉన్నారో పోయారో ఒక్కమాట మాకెవరైనా చెప్పారా అమ్మా?" అంది. దానికి కూడా నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు కాలం మారింది. విదేశీ దత్తతల కోసం 1990లో కేంద్రంలో కారా అనే సంస్థ ఏర్పడింది. దేశాల మధ్య దత్తతల గురించి 1993లో హేగ్‌లో కుదిరిన ఒడంబడికను మన దేశం 2003లో ఆమోదించింది. ఈ మధ్యలో 1999లోను, 2001లోను మన రాష్ట్రంలోనే దత్తతల పేరున జరిగిన అక్రమాలు పత్రికల్లో వచ్చి అందరూ తల దించుకున్నారు. ఒకప్పుడు క్రైస్తవులమైన మనకు సంరక్షకులుగా ఉండే వీలే తప్ప పూర్తి దత్తత హక్కు లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో వచ్చిన సవరణ తరువాత ఏ మతంవారైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు. కారా దగ్గర నమోదయ్యే తోబుట్టువులను కలిపి ఒకే ఇంటికి ఇవ్వడానికి వేరే ఏర్పాటు ఉంది. దత్తత వెళ్ళినవారు 18 ఏళ్ళు నిండాక తమ మూలాలు తెలుసుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

2025 జూన్‌లో స్వీడన్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, పాత దత్తతల్లో ఎన్నో అక్రమాలు జరిగాయని చెప్పి, విదేశాల నుండి పిల్లలను తెచ్చుకోవడం ఆపాలని సిఫారసు చేసింది. ఆ వార్త వచ్చినప్పుడు ఆమె నాకు ఫోను చేసింది. "టీచరమ్మా, నాకు మా అమ్మానాన్నలంటే ప్రాణం. నేను పోగొట్టుకున్నది కూడా నిజమే. ఎవరో ఒకటే చెప్పమంటే నేను చెప్పలేను" అంది. నేను విని ఊరుకున్నాను. ఆ ప్రశ్నకు తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

ప్రియమైన పాఠకులారా, ఇది ఎక్కడో చలిదేశపు సంగతి అనుకోకండి. మన పల్లెల్లో తల్లి చనిపోతే ఏం చేస్తాం? పెద్దపిల్ల మేనమామ ఇంటికి, నడిమివాడు హాస్టలుకు, పసిది పెద్దమ్మ ఇంటికి. వేరే దారి లేక అలా చేస్తాం. తప్పని నేననను. కాని తరువాత? "అక్క దగ్గరికి వెళ్తానని పేచీ పెడతాడు, మరచిపోనీ" అంటాం. చుట్టాల మధ్య మాటపట్టింపు వస్తే పిల్లల రాకపోకలు కూడా ఆపేస్తాం. పిల్ల మరచిపోయిందని సంతోషిస్తాం. ఆ పిల్ల దిండు కింద ఏం దాచుకుందో చూడం.

యోసేపును చూడండి. ఐగుప్తులో అధికారి అయ్యాడు, పేరు మారింది, భాష మారింది, భార్యాపిల్లలు కలిగారు. అయినా బెన్యామీనును చూడగానే నిలువలేక లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చాడని ఆదికాండము 43వ అధ్యాయంలో ఉంది. తోబుట్టువును మరపించాలని చూడడం వ్యర్థం.

ఆ ఇద్దరు తల్లుల దగ్గర నేను నేర్చుకున్నది మీకు చెబుతాను. పిల్లలను వేరుచేయక తప్పకపోతే, ఎవరు ఎక్కడున్నారో కాగితం మీద రాసి ప్రతి పిల్ల చేతికీ ఇవ్వండి. అందరినీ కలిపి ఒక ఫోటో తీయించండి, తల్లి ఫోటో ఉంటే నకళ్ళు తీయించి తలా ఒకటి ఇవ్వండి. కలుసుకునే రోజు ముందే నిర్ణయించండి. క్రిస్మస్, కోతల పండుగ, వేసవి సెలవులు, ఏదైనా సరే, ఆ మాట తప్పకండి. ఒకరి ఇంట్లో మరొకరి మీద చాడీలు చెప్పకండి. ముఖ్యంగా, పిల్ల ఏడుపు ఆపడానికి అబద్ధం చెప్పకండి. ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి. దిక్కులేని పిల్లలు మీ ఊళ్ళో ఉంటే దారి తెలుసుకోవడానికి 1098 నంబరుకు ఫోను చేయండి, నాలుగు గోడల మధ్య ఎవరికి వారు నిర్ణయించకండి.

నిరుడు క్రిస్మస్‌కు వాళ్ళు వీడియో కాల్ చేశారు. అక్కకు ఇద్దరు పిల్లలు. మనకు మేనమామ అనే మాట ఉన్నట్టే స్వీడిష్‌లో కూడా అమ్మ తోబుట్టువుకు వేరే మాట ఉంది. కాని ఆ పిల్లలు ఆ మాట వాడరు. చిన్నప్పటినుండి తమ అమ్మ పిలవగా విని, అది ఆయన పేరే అనుకొని, నల్లగడ్డం మేనమామను చూసి ఇద్దరూ ఒక్కసారి కేక పెట్టారు:

"తమ్ముడూ!"

దేవుడు మీ ఇంటి పిల్లలందరినీ ఒకరికొకరు ఉండేలా కాపాడును గాక. ఆమెన్.